తూట్ల పందిట్లో యువరాజు

కాలకంఠ కనుమ దాటేవరకూ వెనక్కి తిరిగి చూడకూడదని యువరాజు రుచిరాంగదుడు ఒట్టు పెట్టుకున్నాడు. ఆ గద్దలు ఒట్టు నిలబెట్టుకోనిస్తేగా! కనుమకు అటూ ఇటూ కొండ చరియల్లో చెక్కిన రాతి గద్దలవి. నల్లరాతి ముక్కులు, ముడిచిన గొడుగుల్లాంటి రెక్కలు, కళ్ళ స్థానంలో ఎర్రని కెంపులు. చూసేవాళ్ళకు ఏ శిల్పాచార్యుడి చేతి చలవో అనిపిస్తుంది. కానీ మాంత్రికుడు ఘూకనేత్రుడికి గిట్టనివాడు ఆ దారిన వస్తే చాలు, రాయి వదిలి రెక్క విప్పుతాయి. గుర్రపు డెక్కల చప్పుడు వినగానే ఒకదాని వెంట ఒకటి కిందికి దూకాయి. మొదటిది యువరాజు తలపాగా తన్నుకుపోయింది. రెండోది గుర్రం జూలు పీకింది. మూడోదాన్ని కత్తితో కొడితే నిప్పురవ్వలు లేచాయే తప్ప దాని ముక్కు మాత్రం విరగలేదు.

"పద, గరుడవేగా, పద!" అని అరిచాడు యువరాజు.

గుర్రం ముందుకు పోవడానికి దారి ఉండాలి కదా! కనుమ చివర నేల తెగిపోయింది. ఎక్కడో కింద పింగళానది సుడులు తిరుగుతూ పారుతోంది. ఆలోచించే వ్యవధి లేదు. రుచిరాంగదుడు గుర్రం డొక్కలో మడమతో పొడిచాడు. గుర్రమూ తానూ కలిసి గాలిలోకి ఎగిరి, దభీమని నీళ్ళలో పడ్డారు. వెంటపడిన గద్దలు నీళ్ళు తగలగానే మళ్ళీ రాళ్ళై బుడుంగున మునిగిపోయాయి. పీడ విరగడైంది.

గుర్రంతో సహా ఒడ్డుకు చేరిన యువరాజు మొదట రొమ్ము తడుముకున్నాడు. మైనపు గుడ్డలో చుట్టి కట్టుకున్న తాటాకుల మూట పదిలంగా ఉంది. హమ్మయ్య అనుకున్నాడు. అందులో ఉన్నవి నిధినిక్షేపాల గుర్తులూ కావు, వశీకరణ మంత్రాలూ కావు. ఒక ఆటకు రాసిన నియమాలు. ఆటేమిటి, ప్రాణాలకు తెగించడమేమిటి అని నవ్వకండి. ఆ ఆకుల మీదే అతని అక్క ప్రాణం వేలాడుతోంది.

కుందనగిరి రాజ్యంలోనూ ఇరుగుపొరుగు దేశాల్లోనూ రక్తపాతంతో విసిగిపోయిన పూర్వపు రాజులు ఒక కట్టుబాటు చేసుకున్నారు. సరిహద్దు తగాదా వస్తే సేనలు కదలకూడదు. రణపీట పరిచి ఆడాలి. రణపీట అంటే మంచమంత బల్ల. దాని మీద నదులూ కొండలూ కోటలూ చెక్కి ఉంటాయి. మట్టితో చేసిన ఏనుగులు, గుర్రాలు, కాలిబంట్లు రెండు వైపులా మోహరించి ఉంటాయి. పాచికలు దొర్లించి ఎత్తులు వేస్తారు. బల్ల మీద ఓడినవాడు నేల మీదా ఓడినట్లే.

తాతగారు రాసిన నియమాలు పాతబడ్డాయని రుచిరాంగదుడు కొత్తవి రాశాడు. చదివిన ప్రతి పండితుడూ ఆహా అన్నాడు. ఆడిన ప్రతి మంత్రీ యువరాజు చేతిలో ఓడిపోయాడు. ఇంకేం కావాలి? ఒక్క అక్క హేమలేఖ మాత్రం, "తమ్ముడూ, వీళ్ళంతా నీ ఉప్పు తినేవాళ్ళు. ఆకులు పాచికలపేటకు పంపు, ఆటగాళ్ళు ఆడి తప్పులు పట్టనీ" అంది. "జూదరుల చేత అక్షరాలు దిద్దించుకునే గతి నాకు పట్టలేదులే అక్కా" అని కొట్టిపారేశాడు తమ్ముడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు!

కేతకీవనం తగాదాలో ఎదురుపక్షానికి ఘూకనేత్రుడు ఆడాడు. 'ఓడ ఎక్కిన సేనను ఓడ దిగేదాకా ఎవరూ కొట్టరాదు' అని యువరాజు నియమం. మాంత్రికుడు తన సేన మొత్తాన్నీ ఓడల్లో ఎక్కించి, ఆ ఓడలను ఎంచక్కా మెట్ట నేల మీద నడిపించుకుంటూ కోట గుమ్మం దాకా తెచ్చాడు.

"ఇదేం అన్యాయం! ఓడ నేల మీద నడుస్తుందా?" అని అరిచాడు రుచిరాంగదుడు.

"నీళ్ళలోనే నడవాలని ఏ ఆకులో రాశావు నాయనా?" అన్నాడు మాంత్రికుడు చల్లగా.

ఓడిన పక్షం సేనాపతి గెలిచినవాడి సొత్తు. ఆనాడు సేనాపతి పీఠంలో కూర్చున్నది హేమలేఖ. మంత్రదండం తగలగానే నిండు మనిషి బెత్తెడు పచ్చిమట్టి బొమ్మయిపోయింది. "కొత్త నియమాలు రాసుకో. శ్రావణ పౌర్ణమికి మళ్ళీ ఆడదాం. గెలిస్తే నీళ్ళు చిలకరించి మీ అక్కను తీసుకుపో. ఓడితే బొమ్మను ఆవంలో పెడతాను" అని బొమ్మను జోలెలో వేసుకుపోయాడు ఘూకనేత్రుడు. పచ్చిమట్టి మళ్ళీ మనిషి అవుతుంది. ఆవంలో కాలిన మట్టిని బ్రహ్మదేవుడు కూడా మనిషిని చేయలేడు.

పౌర్ణమి రేపే. అదీ సంగతి.

పాచికలపేట పొలిమేరలో యువరాజు గుర్రాన్ని చెట్టుకు కట్టేసి, తడి బట్టలు విప్పేసి, జీను సంచీలో తెచ్చుకున్న సరంజామాతో సాంబ్రాణి అమ్ముకునే సెట్టి వేషం వేశాడు. చెవులకు దుద్దులు, నొసట అడ్డబొట్టు, భుజాన సంచీ. అద్దంలో చూసుకుంటే తనకే నవ్వొచ్చేలా ఉన్నాడు. కానీ నవ్వు రాలేదు. సొంత రాజ్యంలో సొంత మొహం పెట్టుకుని నడవలేకపోతున్నాడు మరి.

పేట నడుమ తూట్ల పందిరి ఉంది. చూసి తీరవలసిన పందిరి! అరటి బోదెలంత లావు టేకు స్తంభాలు, పైన పచ్చని తాటాకు కప్పు, కప్పు నుంచి వేలాడే రంగురంగుల పింగాణీ గంటలు, నేలంతా ఎర్రజాజు పూసి తీర్చిన ముగ్గులు. వరసగా రణపీటలు. వాటి చుట్టూ చాకళ్ళూ సెట్లూ, సైనికులూ సన్నాయివాళ్ళూ, ముత్తైదువలూ ముసలివాళ్ళూ, ఒకటే గోల. నడిమి స్తంభానికి తగిలించిన మూతలేని గంధపు పెట్టెలో ఒక పాత ఉత్తరీయం ఉంది. జల్లెడ కూడా దానికన్నా నయం, అన్ని చిల్లులు! అది యువరాజు తాతగారిది. కొత్త నియమం రాసినవాడు తెల్లని ఉత్తరీయం కప్పుకుని పందిట్లో కూర్చోవాలి. జనం ఆడి చూస్తారు. నియమంలో లొసుగు పట్టినవాడు దబ్బనం తీసుకుని ఆ ఉత్తరీయానికి ఒక తూటు పొడుస్తాడు. ఎన్ని తూట్లు పడితే అంత మర్యాద. తాతగారు ఆ చిల్లుల బట్ట కప్పుకునే కొలువు తీర్చేవాడట.

రుచిరాంగదుడికి తన ఉత్తరీయం గుర్తొచ్చింది. జరీ అంచు, ఒక్క తూటు లేదు. అది కప్పుకుని ఏనుగు మీద ఊరేగాడు. జనం దారి పక్కన నిలబడి ఏమీ మాట్లాడకుండా చూశారు. వాళ్ళు తన తేజస్సు చూసి నోరు మూసుకున్నారనుకున్నాడు అప్పుడు. ఇప్పుడు తలచుకుంటే చెవులు కాలిపోయాయి.

"ఏం సెట్టీ, పెట్టె వంక అలా చూస్తావేం? దొంగతనం చేద్దామనా?"

పందిరి పెద్ద తిమ్మక్క గొంతు అది. ఏడువారాల నగలూ ఒక్కరోజే దిగేసుకున్నట్టుంటుంది మనిషి. నోట్లో తాంబూలం, చేతిలో పాచికలు. ఈ పేటలో తనను గెలిచిన మగాడు పుట్టలేదని రోజుకోసారైనా చెప్పకపోతే ఆమెకు అన్నం సయించదు.

"నియమాలు రాశానమ్మా. ఆడి చూస్తారేమోనని..." అని యువరాజు మూట విప్పాడు.

"సాంబ్రాణి సెట్టి యుద్ధాలు రాశాడర్రోయ్! రండి!" అని కేకేసింది తిమ్మక్క. క్షణంలో గుంపు కమ్ముకుంది. ఆమె అతని మీద తెల్లని ఉత్తరీయం కప్పి పీట మీద కూలేసింది. "ఆచారం తెలుసుగా? ఆడినంతసేపూ రాసినవాడు నోరు విప్పకూడదు. విప్పాడా, ఆకులు పొయ్యిలోకి. ఆనక నన్ననేది లేదు."

"అర్థం కాకపోతే చెప్పొద్దా?"

"రేపు నిజం ఆటలో ప్రతివాడి పక్కనా కూచుని అర్థాలు చెబుతావా ఏంటి? ఆకులో ఉంటే ఉన్నట్టు. లేకపోతే లేనట్టు. ఇక మూసుకో."

ఆట మొదలైంది. గంగులు తాత అనే ముసలి మావటి ఇటు కూర్చున్నాడు. అటు ఆడడానికి కాషాయపు ముసుగు వేసుకున్న ఒక బక్కపలచని యాత్రికుడు ముందుకొచ్చాడు. పాచికలు రెండుసార్లు దొర్లాయో లేదో గంగులు తాత పకపక నవ్వాడు.

"వాన కురిస్తే ఏనుగు కదలదంట. వాన ఎవురు కురిపిస్తారో రాయలేదు. ఒరే, నా వంతొచ్చినప్పుడల్లా వానేరా! జన్మలో వాడి ఏనుగు లేవదు!"

గుంపు గొల్లుమంది. తాత దబ్బనం తీసి కసుక్కున పొడిచాడు. బట్టకే పడింది పోటు. యువరాజుకు మాత్రం ఒంట్లో దిగినట్టయింది. 'వాన పాచిక మీద ఆరు పడితేనే అని నా ఉద్దేశం' అని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు కరుచుకుని మింగేశాడు. ఉద్దేశాలు మనసులో ఉంటే ఎవడికి కావాలి!

తరవాత ఒకామె వచ్చి, కోటలో ఉన్న సేనకు ఆకలి అనేదే రాయలేదనీ, తలుపులు వేసుకు కూర్చుంటే మనవల కాలానికి గానీ ఆట తెమలదనీ చెప్పి ఇంకో తూటు పొడిచింది. కూలిన వంతెన మీద గుర్రం ఎంత దూరం దూకవచ్చో రాయలేదని ఇంకొకడు ఇంకోటి. ఉత్తరీయం చూస్తుండగానే చిల్లులు పడిపోయింది. వాళ్ళు పొడుస్తున్నకొద్దీ ఆకులు బాగుపడుతున్నాయి. తిమ్మక్క ఎప్పటికప్పుడు గంటం పట్టి దిద్దుతోంది. ఇంత తేలిక పని తను ఎందుకు చేయించుకోలేదు? కుక్కిన పేనులా కూర్చుని తల దించుకున్నాడు యువరాజు.

"ఫరవాలేదు సెట్టీ, నువ్వు కాస్త నయం. మన యువరాజు కన్నా" అంది తిమ్మక్క తమలపాకుకు సున్నం రాస్తూ. "ఆ ఓడల లొసుగు మేం వినీ వినగానే పట్టేశాం. పాపం కుర్రాడు నవ్వులపాలైపోతాడని అంతా కలిసి కోటకెళ్ళాం. ఏం చేశాడో తెలుసా? మేడ మీద నిలబడి నవ్వాడు. జూదగాళ్ళకు దాహమేస్తోంది కాబోలు అని గోశాల నుంచి కుడితి తెప్పించి మా నెత్తిన పోయించాడు."

"నా పాగాలోంచి వారం దాకా వాసన పోలేదు" అన్నాడు గంగులు తాత. అందరూ నవ్వారు. తాత నవ్వలేదు.

రుచిరాంగదుడికి నేల చీలి లోపలికి పోతే బాగుండునని అనిపించింది. గుర్తుంది. ఎందుకు గుర్తుండదు! కింద ఒక ముసలాయన పాగా తీసి పిండుకుంటూ పైకి చూశాడు. అది చూసి తను ఇంకా పెద్దగా నవ్వాడు. ఆ ముసలాయనే ఇప్పుడు ఎదురుగా కూర్చుని తన ఆకులు బాగుచేస్తున్నాడు. అక్క ప్రాణం పోసుకుంటే అది ఈయన చలవే. సిగ్గుతో యువరాజు ప్రాణం చితికిపోయింది. ఎవరి కళ్ళలోకీ చూడలేక రణపీట వంకే చూస్తూ కూర్చున్నాడు.

అలా చూడబట్టే ఒక విషయం కంటబడింది.

యాత్రికుడి చెయ్యి ఒక గుర్రాన్ని ఎత్తి కోట వెనక వాగు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఆగింది. ముసుగులో పెదవి కొంచెం వంకర తిరిగింది. తరవాత ఏమీ ఎరగనట్టు గుర్రాన్ని వెనక్కి పెట్టేసి, ఒక కాలిబంటును జరిపాడు. లొసుగు కనిపెట్టాడు! కనిపెట్టి పొడవలేదు! ఈ పందిట్లో లొసుగు దొరికితే చంకలు గుద్దుకుని అరిచేవాళ్ళే గానీ దాచుకునేవాడెవడు? యువరాజు తలెత్తి చూశాడు. తాటాకు సందులోంచి ఎండ సూటిగా ఆ మనిషి మొహం మీద పడుతోంది. గుండ్రని పసుపుపచ్చని కళ్ళు. రెప్ప వాలడం లేదు.

ఘూకనేత్రుడు!

"తూట్లు అయిపోయినట్టేగా?" అంటూ యాత్రికుడు లేచాడు. "చక్కని నియమాలు. ఇక ముద్ర వేసెయ్యండి."

తిమ్మక్క లక్క కరిగించింది. ముద్ర పడితే పౌర్ణమి ఆట ముగిసేదాకా ఒక్క అక్షరం మార్చరాదు. రేపు ఆ గుర్రం వాగు దాటి వెనక నుంచి కోటలో దూరుతుంది, అక్క ఆవంలోకి వెళుతుంది. నోరు విప్పితే ఆకులు బూడిద. విప్పినా, సాంబ్రాణి సెట్టికి ఘూకనేత్రుడి కళ్ళు ఎలా తెలుసు అని అడుగుతారు. రణపీటకు అటూ ఇటూ కూర్చుని ఆ కళ్ళలోకి చూసినవాడు లోకంలో ఒక్కడే. ఆ పేరు చెప్పుకోవడం కన్నా రాతి గద్దల మధ్య పడి చావడం సుఖం అనిపించింది అతనికి. కానీ చచ్చేది తను కాదు, అక్క.

"ఆపండి!" అని లేచాడు యువరాజు. దుద్దులు పీకి పారేశాడు. నొసటి బొట్టు తుడిచేశాడు. "వాడు మాంత్రికుడు ఘూకనేత్రుడు. నేను రుచిరాంగదుణ్ణి. మేడ మీద నుంచి నవ్వింది నేనే. కుడితి పోయించిందీ నేనే."

 అంతలో ముసుగు చిరిగి, భుజాల మీద ఈకలు లేచి, గుడ్లగూబ మొహంతో ఆకాశమంటేలా నవ్వాడు మాంత్రికుడు. "నోరు విప్పాడు! మీ ఆచారం కానివ్వండి!"

తిమ్మక్క యువరాజు మొహం వంక చాలాసేపు చూసింది.  తిట్టినా బాగుండేది. తాటాకులు తీసి తన చేత్తోనే పొయ్యిలో పడేసింది. "ఆచారం ఆచారమే. ఎవరికైనా" అంది.

"కొత్త ఆకులు లేవు గనక పాత ఆకులే దిక్కు. ఓడల ఆకులు!" అన్నాడు ఘూకనేత్రుడు. "రేపటిదాకా ఎందుకు? ఇక్కడే, ఇప్పుడే తేల్చుకుందాం."

రుచిరాంగదుడు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "తిమ్మక్కా, మా అక్కను బొమ్మను చేశాడు. నాకు ఈ ఆట చేతకాదు. రాయడమూ చేతకాలేదు. మీ కాళ్ళు పట్టుకుంటాను..."

"వదులు బాబూ, వదులు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. మీ దొరలకిది అలవాటే" అంది తిమ్మక్క. గొంతులో కరకు తగ్గలేదు గానీ చెయ్యి పాచికలు అందుకుంది. "నీ కోసం కాదు. మమ్మల్ని అడగమని చెప్పిందంటగా మీ అక్క. ఊరంతా తెలుసు. ఆ పిల్ల కోసం ఆడతాం. ఓడల ఎత్తుకు విరుగుడు మా దగ్గరుంది. అది చెప్పడానికొచ్చే కదా ఆరోజు కుడితి తాగింది! ఏం తాతా?"

గంగులు తాత పాగా సర్దుకున్నాడు. యువరాజు వంక చూడలేదు. "పీట దులపండ్రా" అన్నాడు.

"సేనాపతి ఎవరు మరి?" మాంత్రికుడు దండం ఊపుతూ అడిగాడు. "ఓడితే మట్టి కావలసినవాళ్ళు?"

"నేను" అన్నాడు రుచిరాంగదుడు.

"ఓడేదాకా దేనికి? ఇప్పుడే పీట మీద నిలబడు!"

దండం భుజానికి తగిలింది. పాదాలు చల్లబడ్డాయి. ఆ చల్లదనం మోకాళ్ళకూ నడుముకూ ఎగబాకింది. పందిరి కప్పు అంతెత్తుకు పోయింది. తిమ్మక్క రెండు వేళ్ళు కొండచిలువల్లా వచ్చి అతన్ని ఎత్తి, ఏనుగు పక్కన నిలబెట్టాయి. వాళ్ళ మాటలు ఉరుముల్లా వినబడుతున్నాయి. నవ్వులు లేవు. తన కోసం ఒకరితో ఒకరు వాదించుకుంటున్నారు.

అవతల ఘూకనేత్రుడు జోలెలోంచి ఒక్కొక్క బొమ్మా తీసి వరసగా పెడుతున్నాడు. కాలిబంటు. కాలిబంటు. మరో కాలిబంటు. సరిగ్గా ఏనుగుకు ఎదురుగా, చిట్టచివరి బొమ్మను పెట్టాడు.

ఎడమ భుజం మీదికి వేసుకున్న పొడుగు జడ. ఎండి బీటలు వారిన చెక్కిలి. అక్క!

పాత ఆకుల్లో మొదటి నియమం: ఆట ఏనుగుతో మొదలు కావాలి, ఏనుగు తన ఎదుటి బొమ్మను తొక్కి తీరాలి. ఏనుగులంటే మోజు కొద్దీ తానే రాశాడు. ఎందుకలా అని హేమలేఖ అడిగితే, చూడ్డానికి బాగుంటుంది అన్నాడు. పందిట్లో వాళ్ళెవరూ ఆమెను ఏనాడూ చూసినవాళ్ళు కారు. ఆమెను వాడు ఆటలోకే దింపుతాడని వాళ్ళకు తట్టనూ లేదు. వాళ్ళ కంటికి అది అన్ని బొమ్మల్లాంటి బొమ్మే.

వద్దు తిమ్మక్కా, అది మా అక్క అని అరవబోయాడు యువరాజు. మట్టి నోరు పెగల్లేదు. పచ్చిమట్టి మీద ఏనుగు కాలు పడితే మిగిలేది పిడికెడు మన్ను.

అక్క కళ్ళు తమ్ముణ్ణి గుర్తుపట్టాయి. ఆ కళ్ళలో కోపం లేదు. అదే అతను భరించలేకపోయాడు.

"కానివ్వండి" అంది తిమ్మక్క, ఏనుగు మీద చెయ్యి వేసి.